స్వాగతం బోర్డుకి అనుమతి ఎవరివ్వాలి? వైకోం పలక నుంచి ఘడ్‌కౌలీ బోర్డు దాకా

రాష్ట్ర రహదారి మీద బస్సులో పోతుంటే తలకి ఆకుపచ్చ రంగేసిన కిలోమీటరు రాళ్లు ఒకటొకటే వెనక్కి పోతుంటాయి. ఆ తరవాత ఊరి పేరు బోర్డు వస్తుంది. ఊరు కాస్త పెద్దదయితే ఊళ్లోకి మళ్లే దారి మొదట్లో సిమెంటు కమాను ఉంటుంది. దాని మీద 'స్వాగతం' అని, కింద దాత పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా చెక్కి ఉంటాయి. ఇంటిపేరు చదివితే చాలు, ఆ ఊళ్లో భూమి ఎవరిదో, మాట ఎవరిదో తెలిసిపోతుంది. కులం పేరు రాయకుండానే కులం చెప్పే బోర్డు అది. దానికి రోడ్డు శాఖ అనుమతి ఉందా లేదా అని ఊళ్లో అడిగిన మనిషి కనపడడు.

అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకి పోతే వాడ ఉంటుంది. వాడకి చాలా చోట్ల బోర్డే ఉండదు. ఉంటే 'ఎస్సీ కాలనీ' అని ఉంటుంది. అది పేరు కాదు, ఆఫీసు కాగితంలో ఒక గడి. గృహనిర్మాణ పథకం వాళ్లు రాసుకున్న మాట రోడ్డు మీదకి వచ్చి మన చిరునామా అయి కూచుంది. ఆ వాడ కుర్రాళ్లు చందాలేసుకుని తమకి నచ్చిన పేరుతో రోడ్డు పక్కన ఒక బోర్డు పాతితే మాత్రం మర్నాటికల్లా ప్రశ్న పుడుతుంది. దీనికి అనుమతి ఎవరిచ్చారు?

ఈ వ్యాసంలో పరిశీలించేది ఈ ఒక్క ప్రశ్ననే. రోడ్డు పక్కన పేరు రాసుకోవడానికి అనుమతి కావాలనే మాట ఎక్కడినుంచి వచ్చింది? అది ఎవరికి అడ్డం వస్తోంది? ఎవరికి రావడంలేదు? చట్టంలో ఉన్న అనుమతి ఒకటి, ఊళ్లో ఉన్న అనుమతి ఇంకొకటి. ఈ రెండూ కలగలిసిపోయిన చోటనే మనవాళ్ల మీద లాఠీలు పడ్డాయి. అందుకని వాటిని విడదీసి చూడాలి.

1. మొదటి బోర్డు: రావద్దని చెప్పిన పలక

మన దేశంలో రోడ్డు పక్క బోర్డు చరిత్రని స్వాగతం బోర్డుతో మొదలుపెట్టడం కుదరదు. తిరువాన్కూరు సంస్థానంలో వైకోం మహాదేవ గుడి చుట్టూ ఉన్న దారుల మీది పలకతో మొదలుపెట్టాలి. మలయాళంలో దాన్ని 'తీండల్ పలక' అంటారు. అంటే అంటు పలక. అవర్ణులు దాన్ని దాటి రాకూడదు. గమనించాల్సింది ఏమంటే అది గుడి లోపలి దారి కాదు. గుడి బయట జనం తిరిగే దారి. సంస్థానం సొమ్ముతో బాగుచేయించే దారి. ముస్లింలు, క్రైస్తవులు ఆ దారిన పోవచ్చు. ఈళవలు, పులయలు పోకూడదు.

1924 మార్చి 30న ముగ్గురు మనుషులు ఆ పలక దగ్గరికి నడిచిపోయారు. కుంజప్పి పులయ, బాహులేయన్ ఈళవ, గోవింద పణిక్కర్ నాయరు. పోలీసులు ఆపి కులం అడిగారు. నాయరు పోవచ్చు, మిగతా ఇద్దరూ పోవడానికి వీల్లేదు అన్నారు. పోతే ముగ్గురం కలిసే పోతాం అన్నారు వాళ్లు. ముగ్గుర్నీ అరెస్టు చేశారు. అట్లా మొదలైన సత్యాగ్రహం ఇరవై నెలలు నడిచింది. పెరియార్ వచ్చి జైలుకి పోయాడు. గాంధీ వచ్చి నంబూద్రి పెద్దలతో మాట్లాడాడు. 1925 ఫిబ్రవరిలో ఆ దారులు అందరికీ తెరవాలనే తీర్మానం సంస్థాన శాసన మండలిలో 21 ఓట్లు తెచ్చుకుని, 22 ఓట్ల మీద ఓడిపోయింది. ఒక్క ఓటు తేడా. చివరికి 1925 నవంబరులో రాజీ కుదిరింది. మూడు దిక్కుల దారులు తెరిచారు. తూర్పు దారి మాత్రం సవర్ణులకే మిగిల్చారు. ఆ మిగిలింది పోవడానికి 1936 నవంబరు 12 నాటి ఆలయ ప్రవేశ ప్రకటన దాకా ఆగాల్సి వచ్చింది.

వైకోం గురించి మన చరిత్ర పుస్తకాలు చెప్పేది గాంధీ రాకని గురించి ఎక్కువ, పలకని గురించి తక్కువ. మనకి కావాల్సింది పలక. ఆ పలక పాతడానికి ఎవరు అనుమతిచ్చారని ఎవరూ అడగలేదు. ఎందుకంటే ఆచారమూ సర్కారూ అక్కడ ఒకటే. దాన్ని దాటబోయిన మనిషికే అనుమతి అవసరమయింది. బోర్డు పెట్టేవాడికి అక్కర్లేని అనుమతి బోర్డు ముందు నిలబడ్డవాడికి కావాల్సి రావడం, ఇదీ ఈ చరిత్రకి మొదటి పాఠం.

దీనికంటే ముందు 1893లో అయ్యంకాళి ఎడ్లబండి కట్టుకుని అదే తిరువాన్కూరు రాజ్యంలో సర్కారు రోడ్డు మీద తోలుకుపోయాడు. పులయ మనిషి తలకి పాగా చుట్టి బండెక్కి రోడ్డు మీద కనపడటమే అక్కడ నేరం. ఆయన అర్జీ రాసి అనుమతి కోసం ఎదురుచూడలేదు. రోడ్డు అందరిదయితే అందులో నేనూ ఉన్నాను అన్న లెక్కలో పోయాడు. రాజ్యాంగం వచ్చాక 15వ అధికరణంలోని రెండో క్లాజు ఇదే మాట చట్టం భాషలో చెప్పింది. బావులు, చెరువులు, స్నాన ఘట్టాలతోపాటు రోడ్లని కూడా అందులో పేరుపెట్టి చేర్చారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే రోడ్డు వాడుకోవడానికి కులం అడ్డు కారాదు. 'రోడ్లు' అన్న ఆ ఒక్క మాట వెనక వైకోంలాంటి పోరాటాలు ఉన్నాయి.

రోడ్డు మీద నడవడం గురించి రాజ్యాంగం చెప్పింది. రోడ్డు పక్కన పేరు రాసుకోవడం గురించి చెప్పలేదు. అక్కడినుంచే మన సమస్య మొదలవుతుంది.

2. పేరు మార్చుకోవడం, పేరు నిలబెట్టుకోవడం

బోర్డు మీద ఏం రాయాలి అన్నది చిన్న విషయం కాదు. అణగారిన కులాలు రెండు దారులు తొక్కాయి. ఒకటి, పైవాళ్లు పెట్టిన పేరు వదిలేసి కొత్త పేరు పెట్టుకోవడం. రెండోది, తిట్టుగా వాడిన పేరునే తలకెత్తుకోవడం.

మొదటి దారికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశ ప్రథమ పంచమ మహాసభ అని సభ పిలిచారు. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. అయితే పంచములం అని ఒప్పుకుంటే నాలుగు వర్ణాల మెట్లని ఒప్పుకున్నట్టే అవుతుందనీ, ఈ దేశానికి మొదటివాళ్లం మనమేననీ వాదన నడిచింది. పంచమ సభ అని పిలిచిన సభ ఆది ఆంధ్ర సభ అయి లేచింది. మద్రాసు ప్రభుత్వం 'ఆది ద్రావిడ', 'ఆది ఆంధ్ర' అనే పేర్లని తన కాగితాల్లోకి ఎక్కించుకున్నది 1922లో. సభలో జనం పెట్టుకున్న పేరు సర్కారు కాగితం మీదకి రావడానికి అయిదేళ్లు పట్టిందన్నమాట. పంజాబులో మంగూరామ్ నడిపిన ఆద్ ధర్మ ఉద్యమమూ ఇట్లాంటిదే. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు రాయించుకునేదాకా వాళ్లు విడిచిపెట్టలేదు. ఆగ్రా చమార్లలో ఒక భాగం జాటవులమని చెప్పుకోవడమూ ఈ దారిలోనిదే.

రెండో దారికీ మన దగ్గర ఉదాహరణ ఉంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా మనుషుల పేర్ల చివర 'మాదిగ' చేర్చింది. అప్పటిదాకా రెడ్డి, చౌదరి, రావు, శర్మ అని కులాన్ని పేరులో మోసుకుతిరగడం గౌరవమయినవాళ్లకి మాదిగ అన్న మాట పేరు చివర కనపడగానే కులతత్వం గుర్తొచ్చింది. ఈ తేడా ఎందుకొచ్చిందో మనం గట్టిగానే అడిగాం. ఆ ప్రశ్నకి జవాబు ఇప్పటికీ రాలేదు.

ఈ రెండు దారుల్లో ఏది సరయిందని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. రెంటిలోనూ ఒకటే పట్టుదల ఉంది. మా పేరు మేం పెట్టుకుంటాం, మీరు పెట్టేదేంటి అన్న పట్టుదల. ఘడ్‌కౌలీ బోర్డుని ఇందులో పెట్టి చూడాలి.

3. ఘడ్‌కౌలీ

ఉత్తరప్రదేశ్‌లో సహారన్‌పూర్ జిల్లాలో ఘడ్‌కౌలీ అనే ఊరుంది. చమార్లు ఎక్కువగా ఉన్న ఊరు. ఊరి మొదట్లో వాళ్లు ఒక స్వాగతం బోర్డు పెట్టుకున్నారు. 'ది గ్రేట్ చమార్' అని మొదలై, డాక్టర్ భీమ్‌రావ్ అంబేద్కర్ గ్రామం ఘడ్‌కౌలీ మీకు స్వాగతం పలుకుతోందనే అర్థం వచ్చేట్టు నాగరి లిపిలో రాసుకున్నారు. 2016లో చుట్టుపట్ల ఠాకూర్లకి అది గిట్టలేదు. చమార్ అన్న మాట మీద వాళ్లకి పేచీ లేదు, ఆ మాట వాళ్లు రోజూ వాడేదే. పేచీ అంతా 'గ్రేట్' అన్న మాట మీద. బోర్డుకి నల్లరంగు పూశారు. గొడవయింది. పోలీసులు వచ్చారు. దళితుల మీద లాఠీలు లేచాయి. అప్పుడు చంద్రశేఖర్ ఆజాద్, ఆయన తోటివాళ్లు అంతకుముందు ఏడాదే పెట్టుకున్న భీమ్ ఆర్మీ కుర్రాళ్లు ఆ ఊరికి కదిలారు. ఆ సంస్థ పేరు జిల్లా దాటి వినపడింది ఈ బోర్డు వల్లనే. బోర్డు మళ్లీ నిలబడింది. తరవాత దాని ముందు నిలబడి ఫొటోలు దిగడం ఆ జిల్లా దళిత యువకులకి ఒక అలవాటయింది.

ఇక్కడ ఒక చట్టం సంగతి గుర్తు చేసుకోవాలి. చమార్ అనే మాటతో ఒక మనిషిని అవమానించే ఉద్దేశంతో పిలిస్తే అది అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమవుతుందని సుప్రీంకోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. ఆ మాట కొన్ని ప్రాంతాల్లో తిట్టుగా మారిపోయిన సంగతిని దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టు గుర్తించింది. ఏ మాటయితే పైవాడి నోట్లో నేరమో, అదే మాటని ఘడ్‌కౌలీ వాళ్లు తమ ఊరి గుమ్మానికి కట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో చమార్ రెజిమెంటు అని ఒక సైనిక దళాన్నే పెట్టి, 1946లో ఎత్తేశారు. ఆ పేరుతో పోరాడిన జ్ఞాపకం ఉన్నవాళ్లకి ఆ పేరు సిగ్గుపడాల్సిందిగా ఎందుకుంటది?

ఆ మరుసటి ఏడాదే అదే జిల్లాలో షబ్బీర్‌పూర్ ఘటన జరిగింది. ఈ 'అనుమతి' అనే మాట ఎట్లా రెండు రకాలుగా పనిచేస్తుందో అక్కడ విప్పి చూపించినట్టు కనపడుతుంది. 2017 ఏప్రిల్‌లో దళితులు రవిదాస్ గుడి ఆవరణలో అంబేద్కర్ విగ్రహం పెట్టుకోబోతే ఠాకూర్లు అభ్యంతరం చెప్పారు. అనుమతి లేదని అధికారులు ఆపించారు. విగ్రహం ఆగింది. మే 5న మహారాణా ప్రతాప్ జయంతికని ఠాకూర్లు డీజే మోతతో దళితవాడ మీదుగా ఊరేగింపు తీశారు. దానికి అనుమతి లేదని ఈసారి దళితులు పోలీసులకి చెప్పారు. ఊరేగింపు నడిచింది. ఆ గొడవలో ఒక ఠాకూర్ యువకుడు చనిపోయాడు. పదుల సంఖ్యలో దళితుల ఇళ్లు తగలబడ్డాయి. అనుమతి లేని విగ్రహాన్ని ఆపగలిగిన యంత్రాంగం అనుమతి లేని ఊరేగింపుని ఆపలేకపోయింది. ఆ జూన్‌లో చంద్రశేఖర్‌ని అరెస్టు చేశారు. నవంబరులో జాతీయ భద్రతా చట్టం పెట్టారు. 2018 సెప్టెంబరు దాకా ఆయన జైల్లోనే ఉన్నాడు. 2024లో నగీనా నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. ఒక బోర్డు దగ్గర మొదలైన కథ ఎంతదాకా పోయిందో చూడండి.

4. రోడ్డు మార్జిన్ ఎవరిది?

ఇప్పుడు చట్టంలో ఉన్న అనుమతి సంగతి. దీన్ని మనం తేలిగ్గా తీసిపారేయకూడదు. రాష్ట్ర రహదారి రోడ్లు భవనాల శాఖది. తారు వేసినంత మేరే కాదు, రెండు పక్కలా హద్దురాళ్ల దాకా ఉన్న మార్జిన్ కూడా ఆ శాఖదే. పంచాయతీ తీర్మానం ఒక్కటే చేతిలో పెట్టుకుని అక్కడ దిమ్మె కట్టడం చెల్లదు. జాతీయ రహదారయితే 2002లో వచ్చిన చట్టం ఇంకా గట్టిగా ఉంది, ఆ భూమిలో ఏం పెట్టాలన్నా రహదారి అధికారి ఒప్పుకోవాలి. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రోడ్డు గుర్తులకి ఒక నియమావళి రాసింది. అందులో హెచ్చరిక బోర్డులు, దారి చూపే బోర్డులతోపాటు స్థలం పేరు చెప్పే బోర్డులూ ఉన్నాయి. అవి శాఖ పెట్టాల్సినవి. వాడవాళ్లు పెట్టుకునే స్వాగతం బోర్డు ట్రాఫిక్ గుర్తు కాదు. అది శాఖ స్థలంలో ఇతరులు కట్టుకునే కట్టడం కిందికి వస్తుంది.

వీటి వెనక కారణాలూ ఉన్నాయి. మలుపు దగ్గర బోర్డు పెడితే ఎదురొచ్చే లారీ కనపడదు. కమాను ఎత్తు చాలకపోతే గడ్డి లోడు తగులుకుంటుంది. రేపు రోడ్డు వెడల్పు చేస్తే అన్నీ తీసేయాల్సి వస్తుంది. రోడ్డు పక్కన ఉండేది మన గుడిసెలే కాబట్టి రోడ్డు ప్రమాదాల్లో ముందు చచ్చేదీ మనవాళ్లే. కనుక ఇంజనీరు చూసి చెప్పే అనుమతిని మనం కాదనడం లేదు. అది ఎత్తు, దూరం, చూపు గురించి మాట్లాడుతుంది. దానికి కులం లేదు, ఉండకూడదు.

అయితే ఈ అనుమతి చరిత్రలో ఒక మెలిక ఉంది. కేరళలో ఒక రోడ్డు కూడలిలో ఒక నాయకుడి విగ్రహం పెట్టబోవడం మీద వచ్చిన తగాదాలో సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇకమీదట రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద, ప్రజలు వాడుకునే చోట్ల విగ్రహాలకిగానీ కట్టడాలకిగానీ రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని దాని సారాంశం. దీపస్తంభాలు, ట్రాఫిక్, టోల్ పనులు, రోడ్లకి అందం తెచ్చే పనులు ఇందులోకి రావని కూడా అదే ఉత్తర్వులో ఉంది. అంతకుముందు 2009లో రోడ్ల మీద కొత్తగా గుళ్లు, మసీదులు, చర్చిలు కట్టనివ్వొద్దనీ, ఉన్నవాటిని ఒక్కొక్కటే చూసి తేల్చాలనీ అదే కోర్టు చెప్పింది.

ఉత్తర్వు అందరికీ ఒకటే. కాని 'ఇకమీదట' అన్న మాటని చరిత్రలో పెట్టి చదవండి. అప్పటికే కూడళ్లలో విగ్రహాలూ ఊరి మొదట్లో కమానులూ కట్టుకున్నదెవరు? నలభై యాభై ఏళ్లుగా పంచాయతీ, సొసైటీ, కాంట్రాక్టు చేతిలో ఉన్నవాళ్లు. వాళ్ల పేర్లు సిమెంటులో ఉన్నాయి. చదువుకుని, నాలుగు రూపాయలు కూడబెట్టి, ఇప్పుడిప్పుడే రోడ్డు పక్కన తన పేరు రాసుకుందామని వచ్చిన వాడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇకమీదట లేదు అన్న మాట ఎదురయింది. అందరూ భోంచేశాక మనం వరసలో నిలబడేటప్పటికి వంటశాల మూసినట్టుంది. పైగా 'రోడ్డుకి అందం' అనే మినహాయింపు ఉండనే ఉంది. దాత కట్టించే కమాను అందంలోకి వస్తుందా? మన బోర్డు రాదా? ఇది చెప్పేది ఎవరు?

5. అనుమతి ఉన్నా లేకున్నా

అనుమతి లేదు కాబట్టే గొడవ అనేవాళ్ల కోసం మన దగ్గరి రెండు సంఘటనలు పక్కపక్కన పెడదాం.

పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలం గరగపర్రులో 2017 ఏప్రిల్‌లో దళితులు చెరువు దగ్గర, వేరే నాయకుల విగ్రహాలు ఉన్న చోటనే, అంబేద్కర్ విగ్రహం పెట్టారు. రాత్రికి రాత్రి అది అక్కడినుంచి మాయమయింది. అడిగినందుకు ఆ వాడని వెలేశారు. పొలం పనులకి పిలవడం మానేశారు, కౌలు భూములు లాక్కున్నారు. విగ్రహానికి అనుమతి ఉందా లేదా అనే ప్రశ్నకి ఆఫీసులో జవాబు దొరుకుతుంది. కూలి బందుపెట్టడానికి ఏ ఆఫీసు అనుమతిచ్చింది?

రెండోది కోనసీమ. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడింది. మే 18న ప్రభుత్వమే ఆ జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అని పేరు పెడుతూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. ఇంతకంటే పెద్ద అనుమతి ఏముంటుంది? రాజపత్రమే పలికింది. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ శాసనసభ్యుడి ఇల్లూ తగలబెట్టారు. ఆ మంత్రి దళితుడు. నోటిఫికేషన్ మీద అభ్యంతరాలు రాసి ఇవ్వడానికి గడువు ఉండగానే పని పెట్రోలుతో జరిగింది. జూన్‌లో ప్రభుత్వం ఆ పేరునే ఖాయం చేసింది. జిల్లా హద్దు బోర్డుల మీద ఇప్పుడు ఆ పేరుంది. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టాలని 1978లో శాసనసభ తీర్మానిస్తే దళితవాడలు తగలబడ్డాయి. పేరు మారింది 1994 జనవరి 14న. పదహారేళ్లు. శాసనసభ అనుమతిచ్చినా ఊరి అనుమతి రాలేదు కాబట్టి.

కాబట్టి అనుమతి లేకపోవడం గొడవకి కారణం కాదు. అది గొడవకి దొరికిన భాష మాత్రమే. అసలు అనుమతి ఊళ్లో ఉంటుంది. అది ఏ రిజిస్టర్లోనూ రాసి ఉండదు. చుండూరు దళితులు 1991 ఆగస్టు 6న చనిపోయిన తమవాళ్లని శ్మశానానికి మోసుకుపోకుండా ఊరి నడుమ పూడ్చుకుని ఆ చోటుకి 'రక్తక్షేత్రం' అని పేరు పెట్టారు. వాళ్లు ఊరి అనుమతిని అడగలేదు. ఆ పేరు ఇవాళ అందరికీ తెలుసు.

6. కులం పేరు తీసేసే ఉత్తర్వులు

ఈ పదేళ్లలో ఇంకో మార్పు వచ్చింది. ప్రభుత్వాలు బోర్డుల మీద కులం పేర్లు తీసేయడం మొదలుపెట్టాయి. మహారాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో మహార్‌వాడ, మాంగ్‌వాడ, బ్రాహ్మణ్‌వాడ లాంటి పేర్లు మార్చి సమతానగర్, భీమ్‌నగర్ లాంటి పేర్లు పెట్టాలని నిర్ణయించింది. కేరళలో 2024 జూన్‌లో కె. రాధాకృష్ణన్ మంత్రి పదవి వదిలే ముందు 'కాలనీ' అనే మాట తీసేస్తూ ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆ మాట అక్కడ ఉండేవాళ్లని కించపరుస్తోందన్నాడు. తమిళనాడు కూడా 2025లో 'కాలనీ' అనే మాటని ప్రభుత్వ కాగితాలనుంచి తీసేస్తామంది. వీటిని మనం ఆహ్వానించాలి. పైవాళ్లు అంటించిన పేరు ఊడబీకడం మంచిదే.

ఉత్తరప్రదేశ్ ఉత్తర్వు వేరు. 2025 సెప్టెంబరు 16న అలహాబాద్ హైకోర్టు ఒక కేసులో పోలీసు కాగితాల్లో నిందితుల కులం రాయడాన్ని తప్పుపట్టి, కులాన్ని గొప్పచేసే బోర్డుల సంగతి కూడా ఎత్తింది. అయిదు రోజుల తరవాత 21న ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఊళ్లలో, పట్టణాల్లో కులాన్ని పొగిడే బోర్డులు, ఇది ఫలానా కులం ఇలాకా అని చెప్పే బోర్డులు తీసేయాలి. కుల ర్యాలీలు ఉండవు. బండ్ల మీద కులం పేరు రాస్తే చలాన్. చూడ్డానికి కులనిర్మూలన లాగే ఉంది.

ఈ ఉత్తర్వు ముందు 'ఇది ఠాకూర్ల ఊరు' అనే బోర్డూ 'ది గ్రేట్ చమార్' బోర్డూ ఒకటే. అయితే రెండూ ఒకటేనా? మొదటి బోర్డు దారినపోయేవాడికి ఇక్కడ ఎవరి పెత్తనమో చెబుతుంది. అది తీండల్ పలకకి మనవడు. రెండోది వందల ఏళ్లు పలక అవతల నిలబెట్టినవాళ్లు మొదటిసారి లోపలికి రండి అనడం. ఒకటి ఇలాకా చెప్పేది, ఇంకొకటి ఆతిథ్యం ఇచ్చేది. అంటరానివాడిగా ఉంచిన మనిషి రండి, మా ఊరికి స్వాగతం అంటే దాని అర్థం పైకులం మనిషి అన్నప్పటి అర్థం కాదు. ఇంకో తేడా కూడా ఉంది. బోర్డు తీసేసినా ఠాకూరు భూమి, ఇల్లు, ఇంటిపేరు, పోలీసు స్టేషన్లో కుర్చీ ఉంటాయి. బోర్డు తీసేస్తే చమారుకి అక్కడ మిగిలే ఆనవాలు ఏంటి?

మనలో కొందరు అడుగుతారు. అంబేద్కర్ 1936లో కులనిర్మూలన గురించి రాశాడు గదా, ఆయన పేరు రాసిన బోర్డు మీదనే కులం పేరు రాయొచ్చా అని. ఈ ప్రశ్న న్యాయమైందే. దీన్ని శత్రువుల ప్రశ్న అని తోసేయకూడదు. కులం పేరు గొప్పగా రాసుకుంటే ఉపకులాల మధ్య పోటీకి పోయే ప్రమాదం కూడా ఉంది, మన రాష్ట్రాల్లో మనం చూశాం. కాని కులం పోవాలి అనేది ఒక కార్యక్రమం, కులం పేరు కనపడకూడదు అనేది ఇంకొక కార్యక్రమం. రెండోదానికి రంగు డబ్బా చాలు. ఘడ్‌కౌలీలో ఆ రంగు డబ్బా ముందు ఠాకూర్ల చేతిలో కనపడింది. 2025లో ప్రభుత్వం చేతిలో కనపడింది. పట్టుకున్న చెయ్యి మారినా బోర్డుకి జరిగేది అదే.

7. మనం చేయాల్సింది

ఈ చరిత్రనుంచి మూడు మాటలు చెప్పి ముగిస్తాను. ఒప్పుకోనివాళ్లు చర్చకి రావచ్చు.

మొదటిది, ఇంజనీరు అనుమతినీ ఊరి అనుమతినీ విడదీయాలి. బోర్డు ఎక్కడ, ఎంత ఎత్తులో ఉండాలో రోడ్డు శాఖ చెప్పనీ, పాటిద్దాం. బోర్డు మీద ఏ పేరుండాలో చెప్పే హక్కు ఆ శాఖకి లేదు, పక్కవీధికి అసలే లేదు. అది వాడ మనుషులు కూచుని తేల్చుకోవాల్సింది.

రెండోది, లెక్క తీయాలి. పరిశోధన చేసే మన పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో రాష్ట్ర రహదారిని పట్టుకుని నడవండి. ఎన్ని కమానులున్నాయి, ఎవరి పేర్లున్నాయి, ఎన్నింటికి అనుమతి కాగితం ఉంది, ఎన్ని వాడలకి బోర్డు ఉంది, దాని మీద ఏం రాసి ఉంది అని రాసుకోండి. సమాచార హక్కు చట్టం కింద శాఖని అడగండి. అనుమతి లేదని మన బోర్డు ఒక్కటే పీకే రోజు వస్తే ఆ లెక్క మన చేతిలో ఉండాలి.

మూడోది, 'ఎస్సీ కాలనీ' అన్న బోర్డు తీసేయించడం మాత్రమే మన కోరిక కాకూడదు. దాని స్థానంలో ఏ పేరు రావాలో వాడలో ముసలివాళ్లని, ఆడవాళ్లని అడగాలి. ఆ వాడకి మొదట బావి తవ్వినవాళ్ల పేరు, దెబ్బలు తిని నిలబడ్డవాళ్ల పేరు, బడిపెట్టినవాళ్ల పేరు వాళ్లకి గుర్తుంటాయి. జిల్లా ఆఫీసునుంచి వచ్చే నగర్ పేరు కంటే ఆ పేర్లు మేలు. ఆ పేరుతో పంచాయతీకి అర్జీ పెట్టండి, నకలు దగ్గరుంచుకోండి. భాగ్యరెడ్డి వర్మ తరానికి పేరు సర్కారు కాగితం మీదకి రావడానికి అయిదేళ్లు పట్టింది. మనకి ఎన్నాళ్లు పడుతుందో అర్జీ పెడితేనే తెలుస్తుంది.